మంచు మీద రేగడి నడక

మా పక్కింటి డ్రిల్లు మాస్టారు పోయారు. కంకిపాడులో నేను పద్దులు రాసే ఎరువుల కొట్టు తెరిచి, నిన్నటి లెక్క సరిచూస్తుండగా ఆయన తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్య లేడండీ. నిద్రలోనే..." అని ఆగిపోయాడు. "వస్తున్నాను" అన్నాను. పద్దు పుస్తకం మూసేశాను. మామూలుగానే నాకు మాటలు తక్కువ.

మీలో చాలామంది ఆయన్ని ఈల నోట్లో పెట్టుకుని ఎండలో నిలబడగా చూసి ఉంటారు. బడి చదువు మధ్యలో ఆగిపోయిన నేను ఆయన శిష్యుణ్ణి కాను, సాయంత్రాలు కాలవ గట్టు మీద ఆయన వెనక నడిచినవాణ్ణి. గట్టు ఇరుకు కాబట్టి ఆయన ముందు, నేను వెనక. అదే అలవాటు వెడల్పు రోడ్డు మీద కూడా మిగిలిపోయింది.

"ఏం మాస్టారూ, ఇంకా లైన్లోనే నడిపిస్తున్నారా?" అని ఎవరైనా నవ్వితే, "బళ్ళో వీడొక్కడే మిగిలాడండీ" అనేవారు.

ఆయనకు ఒక్కటే కోరిక. ఎటు చూసినా బల్లపరుపు పొలాలున్న ఊళ్ళో పుట్టిన మనిషి, హిమాలయాల్లో ఒక కనుమ ఎక్కి అవతలి వైపు చూడాలనుకున్నారు. "కొండంటే ఇంద్రకీలాద్రే అనుకుంటూ పోతామా ఏంటయ్యా?" అనేవారు. రిటైరయ్యాక ఒక కార్తీకంలో నన్ను తోడు రమ్మని విజయవాడలో రైలెక్కించారు.

ఆ ఏడు మంచు ముందే పడింది. కొండ కింద టీ కొట్టతను పైకి చెయ్యి చూపి హిందీలో ఏదో చెప్పాడు. జారుతుందన్నంత వరకు అర్థమైంది. మొదట్లో దారి బాగానే ఉంది. బియ్యప్పిండి జల్లినట్టు పలచటి మంచు, దాని కింద ఎండుగడ్డి. ఆయన కర్రతో తడుముతూ ముందు నడిచారు. ఆయన అడుగు పడిన చోటే నా అడుగు వేశాను. కనుచూపు మేరలో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు.

కనుమ కనిపిస్తున్న చోట ఒక ఊట దారికి అడ్డంగా పారి గడ్డకట్టి ఉంది. పక్కనే లోయ. ఆయన మడమలతో ఐసును పొడుస్తూ అవతలకు దాటారు. నేను రెండడుగులు వేసి జారి మోకాళ్ళ మీద పడ్డాను. ఎలాగో వెనక్కి పాకి కూర్చుని, ఏం చేస్తున్నానో తెలియకుండానే బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాను.

వానాకాలం నల్లరేగడి గట్ల మీద పెరిగినవాళ్ళం. నేల జారితే చెప్పులు చేత పట్టుకుంటాం. బొటనవేలు మట్టిలో దిగితే మనిషి నిలుస్తాడు. నా కాళ్ళకు తెలిసిన విద్య అదొక్కటే.

"ఏం చేస్తున్నావయ్యా?" అవతల నుంచి అరిచారు.

"జారుతోందండీ. విప్పేస్తే నయం."

"ఓరి నీ దుంపతెగ! ఇది మన పొలం గట్టు కాదయ్యా, వేళ్ళు మిగలవు. కట్టు, కట్టు!"

ఆయన నవ్వు లోయలో మోగింది. నవ్వుతూనే, నేను రెండో బూటు లేసు కూడా లాగుతుండటం చూసి ఆగిపోయారు. ఒకసారి తల తిప్పి కనుమ వైపు చూశారు. ఎంతోసేపు కాదు. మళ్ళీ ఇవతలకు దాటి వచ్చి, నా ముందు గొంతుక్కూర్చుని, బళ్ళో పిల్లలకు కట్టినట్టు లేసులు బిగించి కట్టారు.

"మీరు వెళ్ళి చూసి రండి. నేనిక్కడే ఉంటాను" అన్నాను.

"ఇద్దరం కదయ్యా వచ్చింది."

దిగేటప్పుడూ ఆయనే ముందు. "జారితే నా మీద పడు, పర్లేదు" అన్నారు.

ఆ తర్వాత ఏటా దసరా దాటగానే "ఈసారి మంచు పడకముందే పోదామయ్యా" అనేవారు, మోకాళ్ళు అరిగి కర్ర లేనిదే నడవలేని రోజుల్లో కూడా. "అలాగేనండీ" అనేవాణ్ణి. కనుమ అవతల ఏముందో ఆయన చూడనే లేదు.

ఆయన్ని తీసుకెళ్ళిన రోజు పొద్దుటి నుంచీ ముసురు. శ్మశానానికి దారి మేము నడిచే కాలవ గట్టు మీదే. గట్టు ఎక్కగానే, ఎవరూ చెప్పకుండానే, అందరం చెప్పులు చేత పట్టుకున్నాం. ఆ రోజూ ముందు ఆయనే, వెనక నేను. అలవాటుగా ఆయన అడుగు కోసం కిందికి చూశాను. మోసేవాళ్ళ బొటనవేళ్ళు దిగిన గుర్తులే ఉన్నాయి, వాటిలో అప్పుడే నీళ్ళు నిండుతున్నాయి.