మార్తమ్మ గారి పాటలు ఎటు పోయాయి?

2023 వానాకాలం. మచిలీపట్నంలో బస్టాండుకు దగ్గర్లో ఉన్న నా కంప్యూటర్ సర్వీసు షాపు నిండా ఆ ఏడాది తడిసిన లాప్‌టాప్‌లే. సముద్రపు ఉప్పుగాలి కొంత, కారే కప్పులు కొంత కలిసి నాకు పని లేకుండా ఒక్క రోజు కూడా ఉంచలేదు. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటే "మీవారు లేరా అండీ?" అని అడిగేవాళ్లు అప్పటికి తగ్గారు. ఇంకా అడిగేవాళ్లకు, ఆయన బ్యాంకులో ఉంటారు, డబ్బు కావాలంటే అక్కడికి వెళ్లండి, కంప్యూటర్ బాగవ్వాలంటే ఇక్కడ కూర్చోండి అని చెప్పేదాన్ని.

ఆ వానల్లోనే నాగాయలంక నుంచి సుందరరావు గారు వచ్చారు. రొయ్యల చెరువులు చేసే రైతు, అరవైకి దగ్గర పడ్డ మనిషి. తువ్వాల్లో చుట్టి తెచ్చిన ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కును నా బల్ల మీద పెట్టారు. డిస్కు పాడైందా అని అడిగితే, బాగానే పనిచేస్తోందనీ, అదే తన బాధనీ అన్నారు. ఇలాంటి మాట వింటే నాకు చేతిలో పని పక్కన పెట్టబుద్ధవుతుంది.

ఆయనకు ఇంట్లో ఒక మీడియా సర్వర్ ఉంది. పేరు పెద్దదే గానీ సంగతి చిన్నది. ఒక పాత కంప్యూటర్‌ను టీవీ వెనక పెట్టి, దానికి పెద్ద డిస్కు తగిలించి, సినిమాలు, పాటలు, ఫోటోలు అందులో దాచుకోవడం. ఇంట్లో ఏ ఫోన్‌లోనైనా, టీవీలోనైనా అవి చూడొచ్చు. ఆయన వీడియోలు చూసి సొంతంగా నేర్చుకుని పెట్టుకున్నారు. చెరువు గట్టున రాత్రుళ్లు కాపలా ఉండే మనిషికి ఫోన్‌లో నేర్చుకోడానికి తీరిక బాగానే దొరుకుతుందట.

ఆయన భార్య మార్తమ్మ గారు వాళ్ల చర్చిలో పాటలు ఎత్తుకునే ఆవిడ. ఆవిడ మొదలుపెడితే మిగతావాళ్లు అందుకుంటారు. ఆ వేసవిలో ఆవిడకు థైరాయిడ్ గడ్డ ఆపరేషన్ అన్నారు. గొంతును పలికించే నరం ఆ పక్కనుంచే వెళ్తుంది కాబట్టి మాట మారినా మారొచ్చని డాక్టర్లు ముందే చెప్పారు. అందుకని ఆపరేషన్‌కు వెళ్లే ముందు ఆవిడ మంచం మీద కూర్చుని తనకు వచ్చినవన్నీ పాడారు. చర్చి పాటలు, వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న నాట్ల పాటలు. ఆ నాట్ల పాటలు ఎవరూ రాసిపెట్టుకోలేదు. సుందరరావు గారు అన్నీ ఫోన్‌లో వీడియో తీసి, సర్వర్‌లోకి పంపి, ఆ సాయంత్రమే ఇద్దరూ టీవీలో చూసుకున్నారు. ఫోన్ నిండిపోవడంతో, టీవీలో వస్తున్నాయి కదా అని ఫోన్‌లోవి తీసేశారు.

ఆపరేషన్ అయింది. క్యాన్సర్ గడ్డ కాదు, భయం లేదన్నారు. గొంతు మాత్రం బొంగురుపోయింది, పాటకు లేవడం లేదు. ఇంటికి వచ్చి సర్వర్ పెడితే ఆ పాటలు లేవు.

"నా సినిమాలన్నీ ఉన్నాయమ్మాయ్. అవి పోయి ఇవి ఉన్నా బాగుండేది," అన్నారాయన.

డిస్కును రికవరీకి పెట్టాను. రికవరీ అంటే తీసేసిన ఫైళ్ల ఆనవాళ్లు వెతకడం. తీసేసిన ఫైలు అద్దెవాళ్లు ఖాళీ చేసిన ఇల్లు లాంటిది, గోడకు మేకులైనా మిగులుతాయి. ఈ డిస్కులో ఎప్పుడో తీసేసిన సినిమాల మేకులు దొరికాయి గానీ, మార్తమ్మ గారి పాటలవి ఒక్కటీ లేదు. పోయిన గుర్తులు లేకపోవడం కాదు, అసలు అక్కడికి వచ్చిన గుర్తే లేదు. కానీ ఇద్దరు మనుషులు వాటిని టీవీలో చూశారు. దొంగ లేకుండా దొంగతనం ఎలా జరిగిందో నాకు అంతుపట్టలేదు. నిజం చెప్పాలంటే ఆయన బాధ కంటే ముందు నన్ను ఆ చిక్కుముడే పట్టుకుంది.

ఫోన్ చేసి చెబితే, సర్వర్ మొత్తం తుడిచి మళ్లీ కొత్తగా వేసెయ్యమని ఆయన బావమరిది సలహా ఇచ్చాడనీ, రేపు చేద్దామనుకుంటున్నాననీ అన్నారు. నేను వచ్చేదాకా దాని మీద చెయ్యి వెయ్యొద్దని గట్టిగానే చెప్పాను. మర్నాడు డిస్కు సంచీలో పెట్టుకుని బస్సెక్కాను. మోపిదేవిలో జనం దిగాక గానీ కూర్చోడానికి చోటు దొరకలేదు.

సుందరరావు గారు గేటు దగ్గరే నన్ను ఆపి ఒక మాట చెప్పారు. పాటలు కనిపించడం లేదన్న సంగతి భార్యకు చెప్పలేదట. సర్వర్ పాడైంది, బాగు చేయిస్తానని రోజులు దాటేస్తున్నారు. నన్ను కూడా టీవీ బాగు చేసే మనిషిననే చెప్పమన్నారు. నాకు అబద్ధాలు గుర్తుండవు కాబట్టి ఆడను. అయినా సరేనని తలూపాను.

డిస్కును ఆయన చేతికిస్తే ఆయనే వెళ్లి తగిలించారు. నేను సర్వర్ ముందు కూర్చున్నాను. అంతా సవ్యంగా ఉంది. ఒక్కటే వింత. కంప్యూటర్ లోపల ఉండే చిన్న డిస్కు దాదాపు నిండిపోయి ఉంది. కానీ దాంట్లో కనిపించే ఫోల్డర్లన్నీ కూడితే అందులో సగం కూడా రాలేదు. చోటు ఎవరో తింటున్నారు, ఆ తినేదెవరో కనిపించడం లేదు. సుందరరావు గారిని ఎన్ని అడిగినా, ఎప్పటిలాగే పంపాను, ఎప్పటిలాగే వచ్చాయి అన్న జవాబే. తను చేసింది ఆయనకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అందులో తప్పు కూడా ఏమీ లేదు.

మార్తమ్మ గారు టీ తెచ్చారు. మెడ మీద గాటు ఇంకా ఎర్రగా ఉంది. కప్పు అందిస్తూ, టీవీ మనిషి టీవీ వైపు చూడకుండా ఈ పెట్టెతో ఏం చేస్తోందని మొగుణ్ణి అడిగారు. మాట గాలిలాగా వస్తోంది. ఆయన టీవీ వెనక వైర్లు సర్దడం మొదలుపెట్టారు. ఆవిడ నా వైపు తిరిగారు.

"పాటలు పోయాయా?"

"కనిపించడం లేదు పిన్ని గారూ. పోయాయని మాత్రం నేనింకా అనను," అన్నాను. సుందరరావు గారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కానీ ఆవిడ ఏడవలేదు, ఆయన్ని ఒక్క మాట అనలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. నాకు ఆవిడ మీద అప్పుడే గౌరవం కలిగింది. చూసినవాళ్లలో ఆవిడా ఉన్నారు కాబట్టి, ఆ సాయంత్రం ఏమేం జరిగిందో చెప్పమన్నాను.

ఆవిడ ఆగి ఆగి చెప్పారు. ఆ రోజు గాలివాన. పొద్దున పోయిన కరెంటు రాత్రికి గానీ రాలేదు. ఇన్వర్టర్ అయిపోతుందని పగలంతా అన్నీ కట్టేసి, సాయంత్రం పాటల కోసమే టీవీ, సర్వర్ పెట్టారు. పాటలయ్యాక ఏదైనా నవ్వొచ్చే సినిమా పెట్టమంటే బొమ్మలు కనబడ్డాయి గానీ ఒక్కటీ ఆడలేదు. నెట్ బాగాలేదని ఆయన అన్నారు.

"టీ తాగుదామంటే అదీ లేదమ్మా. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయాయి," అన్నారు చివర్లో.

కప్పు కింద పెట్టి, డిస్కుకు కరెంటు ఎక్కడినుంచి ఇస్తున్నారని ఆయన్ని అడిగాను. టీవీ దగ్గర ప్లగ్గులు చాలక, వైరు గోడ అవతలికి లాగి ఫ్రిజ్ పక్క ప్లగ్గులో పెట్టారట. మన ఇళ్లలో ఇన్వర్టర్ అన్ని ప్లగ్గులకూ ఇవ్వరు కదా. లైట్లు, ఫ్యాన్లు, టీవీ వరకే ఇస్తారు, ఫ్రిజ్‌కు ఇవ్వరు. చెరువు మీద కరెంటు పోతే పరుగున వెళ్లి జనరేటర్ వేసే మనిషి, ఇంట్లో ఏ ప్లగ్గు ఎవరి పాలనలో ఉందో చూసుకోలేదు. ఆ సాయంత్రం సర్వర్ లేచింది గానీ, పెద్ద డిస్కు లేవలేదు. సినిమాల బొమ్మలు లోపలి చిన్న డిస్కులోనే ఉంటాయి కాబట్టి అవి కనబడ్డాయి, సినిమాలు మాత్రం ఆడలేదు.

ఇక్కడ మా వృత్తిలో మాట ఒకటి చెప్పాలి. మౌంట్ చేయడం అంటే, సర్వర్ లోపల ఒక ఖాళీ ఫోల్డర్ పెట్టి, పెద్ద డిస్కును దాని మీద పరచడం. నేల మీద చాప పరిచినట్టే. చాప ఉన్నంతసేపు మనం పెట్టేవన్నీ చాప మీదే ఉంటాయి. డిస్కు లేకపోయినా ఆగకుండా లేవమని ఆయన సర్వర్‌కు ముందే చెప్పి ఉంచారు. అందుకని ఆ పూట చాప లేకుండానే అది పనిచేసింది. పాటలు నేల మీద, అంటే లోపలి చిన్న డిస్కులో పడ్డాయి. అక్కడినుంచే టీవీలో ఆడాయి. కరెంటు వచ్చాక సర్వర్ మళ్లీ పెట్టినప్పుడు చాప వచ్చి వాటి మీద పరుచుకుంది.

పెద్ద డిస్కును అన్‌మౌంట్ చేశాను, అంటే ఆ చాప చుట్టేశాను. ఆ ఫోల్డర్ మళ్లీ తెరిచాను. సినిమాలు ఒక్కటీ లేవు. మార్త పాటలు అన్న ఫోల్డర్ ఒక్కటే ఉంది.

సుందరరావు గారు "ప్రభువా" అని మంచం మీద కూలబడ్డారు. బావమరిది మాట విని ఆ రోజు తుడిచేసి ఉంటే ఇవి నిజంగానే పోయేవి. ముందు వాటిని నేను తీసుకెళ్లిన ఇంకో డిస్కులోకి కాపీ చేశాను. ఆ తర్వాతే ఎవరినైనా ముట్టుకోనిచ్చాను. అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా మీరేం చేశారని ఒకరిని అడిగి ఊరుకోను, మీరేం చూశారని అందరినీ అడుగుతున్నాను. చేసిన మనిషి తను చేసిందే చెబుతాడు. పాలు విరిగిన సంగతి ఆయన జవాబుల్లో ఎన్నటికీ వచ్చేది కాదు.

మార్తమ్మ గారు ఒక నాట్ల పాట పెట్టమన్నారు. టీవీలోంచి నిండైన గొంతు గదంతా పరుచుకుంది. సుందరరావు గారు కళ్లు తుడుచుకుంటున్నారు, నేనూ దాదాపు అదే పని మీద ఉన్నాను. ఆవిడ మాత్రం కనుబొమలు ముడిచి వింటున్నారు. మధ్యలో ఆపించి, రెండో చరణం వదిలేసి మూడోదానికి వెళ్లిపోయానని చిరాకు పడ్డారు. వాళ్లమ్మ వింటే ఊరుకునేది కాదట.

తర్వాత మొగుణ్ణి ఫోన్ తీయమన్నారు. ఇప్పుడెందుకు, గొంతు నొప్పి చేస్తుందని ఆయన అన్నారు. ఆవిడ వినకుండా వదిలేసిన చరణం ఎత్తుకున్నారు. పై స్థాయి అందలేదు. రెండు చోట్ల మాట తెగిపోయింది, ఆగి ఊపిరి పీల్చుకుని మళ్లీ పట్టుకున్నారు. పూర్తయ్యాక ఫోన్ వైపు చూపించారు.

"దీన్ని కూడా అందులోనే పెట్టండి. ఆ గొంతూ నాదే, ఇదీ నాదే."

పాత గొంతు వెతికి తెచ్చానని అప్పటిదాకా నాలో నేను పొంగిపోతున్నాను. ఆ కొత్త ఫైలును పాతవాటి పక్కన పెడుతుంటే నా చేతులు నెమ్మదించాయి. దాని పేరు ఏం పెట్టమంటారని అడిగాను. రెండో చరణం అని పెట్టమన్నారు.