లేడీస్ కౌంటర్ కిటికీ వెనక మా మేనత్త

మా మేనత్త గత మంగళవారం ఉదయం చనిపోయింది. అమలాపురంలో ఒక సినిమా హాల్లో ఇరవై ఆరేళ్లు లేడీస్ కౌంటర్‌లో టికెట్లు ఇచ్చింది. ఆ కౌంటర్ మీద ఆమె ఫొటో పెట్టిస్తానని హాలు యజమాని గారు మాటిచ్చారు. మా ఇంట్లో పెళ్లిళ్లలో తీసిన ఫొటోలున్నాయి గాని, ఆ కిటికీ వెనక కూర్చున్నది ఒక్కటీ లేదు. అందుకే ఆ హాల్లో సినిమాలు చూసిన మీ అందరికీ ఇప్పుడు రాస్తున్నాను.

అత్తకి అంకెలు వచ్చు, అక్షరాలు రావు. అయినా ఆమెను అడగనిదే యజమాని గారు ఏ బొమ్మనీ రెండో వారానికి ఉంచేవారు కాదు. మగవాళ్ల లైనులో ఈలలు ఆమె పట్టించుకునేది కాదు. ఒకసారి చూసి వెళ్లిన కోడలు సోమవారం మ్యాట్నీకి అత్తగారిని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చిందా లేదా అన్నదే ఆమె చూసేది. వస్తే ఆ బొమ్మ ఆడినట్టే.

ఒక శుక్రవారం పెద్ద హీరో బొమ్మ, ఒక కొత్త కుర్రాడి బొమ్మకి రెండో భాగం ఒకేసారి వచ్చాయి. హాల్లో తెర ఒక్కటే. అందరూ హీరోదే వేయమన్నారు. అత్త మాత్రం రెండో భాగం వేయమంది. మొదటి భాగంలో తప్పిపోయిన పిల్ల దొరుకుతుందా అని అల్లవరం నుంచి వచ్చే ఆడవాళ్లు ఏడాదిగా ఆమెను అడుగుతున్నారట. యజమాని గారు ఆమె మాటే విన్నారు. మూడు రోజులు హాలు నిండింది. సోమవారం ఖాళీ.

ఆయన అడగకముందే అత్త వెళ్లి చెప్పింది. "నాదే పొరపాటండి బాబుగారూ. పిల్ల దొరికేసింది కదండీ, ఇంకెందుకొస్తారు? అత్తగార్లు ఒక్కరూ రాలేదండి."

"మా అత్తగారైతే మొదటిసారే రానన్నారమ్మా" అని ఆయన నవ్వేశారు.

మరుసటి ఏడాది కాలేజీ సెమినార్‌కి నేను ఈ అంశమే తీసుకున్నాను. సినిమాని ఆడించేది హీరోనా, సీక్వెలా అని. మా ఇంట్లో బడి మెట్లెక్కింది నేనే. ఎక్కించింది అత్తే. రాసుకున్నదంతా ఆమెకు చదివి వినిపించాను. మల్లెపూలు కడుతూనే వింది.

"ఆయ్, బానే ఉంది. హీరోని చూసి శుక్రవారం వస్తారు. రెండో భాగమంటే ఆదివారం దాకా వస్తారు. సోమవారం ఎవరొచ్చేరో అది రాయమ్మా" అంది.

తను తప్పు చెప్పిన ఆ సంగతీ పెట్టమంది. నేను మొహమాటపడితే, ఆడిన బొమ్మల సంగతే చెప్పుకోడానికైతే నీ చదువెందుకని మందలించింది. పెట్టాను. ఈ సోమవారం సంగతి ఏ పుస్తకంలోదని లెక్చరరు గారు అందరి ముందూ అడిగారు.

"మా మేనత్త చెప్పిందండి. లేడీస్ కౌంటర్‌లో టికెట్లిస్తుందండి" అన్నాను. అంత గర్వంగా నేనెప్పుడూ జవాబు చెప్పలేదు.

ఇప్పుడు టికెట్లు ఎక్కువగా ఫోన్లలోనే తీసుకుంటున్నారు. అయినా మొన్నమొన్నటిదాకా మామిడికుదురు నుంచి ఆటోల్లో వచ్చే ఆడవాళ్లు ఆమె కిటికీ దగ్గర ఆగి, బొమ్మ ఎలా ఉందో అడిగాకే లోపలికి వెళ్లేవారు.

విడుదల రోజుల్లో హీరోల కటౌట్ల ముందు మీలో చాలామంది ఫొటోలు దిగి ఉంటారు. లేడీస్ కౌంటర్ వాటికి ఎడమ పక్కనే. దయచేసి మీ ఫోన్లలో ఒకసారి వెతకండి. దొరికితే ఈ నెల ఇరవైలోగా హాల్లో మేనేజరు గారికి చూపించండి. ముఖం పడకపోయినా ఫర్వాలేదు. కిటికీ కంతలోంచి టికెట్టు అందిస్తూ, ఆకుపచ్చ మట్టిగాజుల చెయ్యి ఒక్కటి కనిపించినా చాలు.