గాడిద డైరీ చివరి పేజీ

మార్కాపురంలో విరిగిన పలకల కుప్ప కనిపించగానే మన ఆరో తరగతి సోషల్ సారు గుర్తొచ్చారు. రాజుల కాలంలో కంభం చెరువు కట్టకు మట్టి మోసిన గాడిద డైరీ అంటూ రోజుకో పేజీ పెద్ద పలక మీద రాసేవారు, గుర్తుందా?

"ఈ పొద్దు రాజుగారు వచ్చినాడు. కట్టంతా తానే మోసినట్టు చూసినాడు. నాకు గడ్డి కూడా వేయకుండా పోయినాడు."

పడీపడీ నవ్వేవాళ్లం. మర్నాటి పేజీ కోసం పలకను తడిగుడ్డతో తుడిచే పని నాది. ఎవరమూ నోట్సులో ఎక్కించుకోలేదు.

నిన్న సారు ఇంటికి వెళ్లాను. నన్ను గుర్తుపట్టలేదు. గాడిద మాటెత్తితే మాత్రం కళ్లు మెరిశాయి.

"చివరి పేజీలో దాన్ని ఏం చేసినానమ్మా?" అన్నారు.

మన క్లాసు వాట్సాప్ గ్రూపులో అడిగాను. అందరికీ రాజుగారి పేజీ ఒక్కటే గుర్తుంది.

చివరి పేజీ తుడిచింది నేనే. అందులో ఏముందో నాకూ గుర్తులేదు.