రెండో బెకర్, రెండో అప్పన్న

ఇవాళ పొద్దున రంగూన్ లత పేటలోని మా అచ్చుకూటంలో కిరసనాయిలుతో టైపు కడుగుతున్నాను. సీసం, సిరా, కిరసనాయిలు కలిసిన ఈ వాసన నాకిష్టమంటే మా ఇంట్లో నవ్వుతారు. పక్కనే బల్లమీద ఒక ప్రూఫు ఆరుతోంది. తామ్వేలో మన తెలుగువాళ్ళ భజన సమాజం వేయించుకుంటున్న కరపత్రం అది. పాడేవాళ్ళ పేర్ల వరుసలో ‘సింహాద్రి’ రెండుసార్లు పడింది. రాసిచ్చినవాడు నిద్రమత్తులో ఉన్నాడు కాబోలు అనుకుని, చేయి తుడుచుకుని, పెన్సిలుతో ఒకటి కొట్టేయబోయాను. అంతలో చేయి దానంతటదే ఆగిపోయింది. దాన్ని ఆపింది లిండ్‌నర్ దొర. ఆయన రంగూన్ విడిచి ఓడెక్కి మూడేళ్ళయింది, అయినా నా చేతిని మాత్రం విడిచిపెట్టలేదు.

ఆయన జర్మనీలోని ప్రష్యావాడు. పెద్ద యుద్ధానికి ముందు అహ్లోన్‌లో ఒక ధాన్యం మిల్లులో ఇంజను చూసేవాడు. యుద్ధం రాకముందే సొంతూరు వెళ్ళి, అక్కడే చిక్కుకుపోయి పటాలంలో చేరి, సార్జంటుగా నాలుగేళ్ళు పోరాడాడు. విషవాయువు తగిలి కళ్ళు చాలావరకు పోయాయి. యుద్ధమయ్యాక చాలా ఏళ్ళకు, జర్మనీవాళ్ళను మళ్ళీ రానిస్తున్నారని తెలిసి, పాత స్నేహితుడి ఇంట ఉండటానికి ఇక్కడికి వచ్చాడు. ఒక మధ్యాహ్నం చేతికర్రతో మెట్లు తడుముకుంటూ మా అచ్చుకూటానికొచ్చి ఒక కాగితాల కట్ట బల్లమీద పెట్టాడు. ఆ జర్మన్ భాష ఎవరికీ రాదు, ముసలాయన మహా చాదస్తుడిలా ఉన్నాడని మిగతా కంపోజిటర్లు తలో మూలకు తప్పుకున్నారు. యజమాని ఊ లూన్ నన్ను ముందుకు తోశాడు. నేను ఇంగ్లీషులో నాలుగు ముక్కలు కూడబలుక్కుంటుండగా ఆయనే అడిగాడు.

“నీ పేరేటి?”

నేను ఉలిక్కిపడ్డాను. “రాములు, దొరా.”

“ఏ వూరోలు?”

“సికాకులం అవతల.”

“అలగైతే మనోడివే. కూకో,” అన్నాడు ఆ ప్రష్యా సార్జంటు. మిల్లు కూలీల దగ్గర నేర్చుకున్న తెలుగు అది. నేను బళ్ళో చదివి కష్టపడి వదిలించుకున్న యాసంతా ఆయన నోట్లో చెక్కుచెదరకుండా ఉంది.

ఆ కాగితాల కట్ట ఆయన డివిజనులో ఒక కంపెనీ చరిత్ర. డివిజనంటే ఏమిటో ఆయన మా టైపు కేసులను చూపించి చెప్పాడు. పెద్ద బీరువా డివిజను. దానిలో అరలు రెజిమెంట్లు. అరలో గళ్ళు కంపెనీలు, అంటే గట్టిగా రెండువందలమంది ఉండే దళాలు. యుద్ధానికి బయలుదేరినప్పుడు వాళ్ళ డివిజనులో నాలుగు కాల్బలపు రెజిమెంట్లు ఉండేవి. రెండో ఏట కొత్త డివిజనులు కట్టాలని పైవాళ్ళు ఒక రెజిమెంటును ఊడదీసి వేరేచోట చేర్చారు. అది లిండ్‌నర్ దొరది. అప్పుడు వాళ్ళ దేశంలో పాత ఆఫీసర్లు ఆ మొదటి డివిజను గురించి లావుపాటి పుస్తకం రాస్తున్నారు. అందులో వీళ్ళ రెజిమెంటు కథ ఆ రెండో ఏటితో ఆగిపోతుంది. కొత్త డివిజనువాళ్ళ పుస్తకంలో అడుగుదామంటే, మీరు మధ్యలో వచ్చినవాళ్ళు కదా అన్నారట. పైగా రెండింటిలోనూ ఆఫీసర్లకే పేర్లు, సిపాయిలకు లెక్క మాత్రమే. అందుకని తన కంపెనీలో పోయిన ప్రతివాడి పేరూ ఉండేలా చిన్న పుస్తకం తానే వేయించి, తన చేత్తో వాళ్ళ ఇళ్ళకు ఇవ్వాలని ఆయన పట్టుదల. మిగిలిన చూపు కూడా పోయేలోగా ఆ పని కావాలి.

ప్రూఫు దిద్దడంలో ఆయనదో పద్ధతి. చూసి దిద్దలేడు కనుక నేను పేర్లు పైకి చదవాలి. యుద్ధంలో రోజూ పొద్దున్నే కంపెనీ హాజరు పిలిచింది ఆయనే, ఆ పట్టీ అంతా ఆయనకు కంఠతా వచ్చు. నేను ఒక పేరు చదవగానే నిటారుగా కూర్చుని “ఉన్నాడు” అనేవాడు. ఆ పేర్లను నేను పలికే తీరుకు మొదటిరోజు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. “ఆడు ఇంటే లెగిసొచ్చి నిన్ను తంతాడు,” అన్నాడు. మూడోరోజుకల్లా అలవాటైపోయాం. ఊ లూన్ టీ పంపించేవాడు, అది చల్లారేదాకా మాకు గుర్తుండేది కాదు. ఎవడు మౌత్ ఆర్గాన్ వాయించేవాడో, ఎవడు నిద్రలో పెళ్ళాంతో పోట్లాడేవాడో దొర చెప్పేవాడు. భాష రాకపోయినా నేను అక్షరాలు పేరుస్తుంటే వాళ్ళు మా వీధివాళ్ళే అనిపించేది. నా పనంటే నాకు గౌరవం కలిగింది అప్పుడే. అంతకుముందు దాన్ని కూటి పనిగానే చూశాను.

చివరి పుటలు చదువుతున్న రోజున “బెకర్ కార్ల్” అన్నాను.

“ఉన్నాడు.”

నేను తరువాతి పేరు చదివాను. ఆయన పలకలేదు. ఆగమన్నట్టు చేయెత్తాడు.

“రెండోవోడేడీ?”

“ఒకటే ఉంది దొరా. మీ కాగితంలో రెండుసార్లు పడింది. మీ కళ్ళకు కనబడక పొరపాటున రాశారనుకుని నేనే తీసేశాను.” గొప్ప పని చేసినట్టే చెప్పాను.

కేకలేస్తాడనుకున్నాను, వేయలేదు. “ఆళ్ళిద్దరూ ఒకూరోలే, అన్నదమ్ముల బిడ్డలు. ఒకే పేరు,” అన్నాడు మెల్లగా. “కంపెనీలో ఒకటో బెకర్, రెండో బెకర్ అని పిలిసీవోన్ని. రెండోవోడు నా సేతుల్లోనే పోనాడు. పైవోళ్ళు ఒకపాలి తీసేసినారు. మల్లీ నువ్వు తీసేసినావు.”

“మరి నంబర్లు వేయలేదేం దొరా?”

“బతికున్నప్పుడు ఇద్దరూ ఒక్కపాలే పలక్కుండా నంబరెట్టినాం. ఇప్పుడు పలికితే పలకనీ.”

నేను ప్రూఫు బల్లమీద పెట్టేశాను. ఎందుకంటే అలా తీసేస్తే ఏమవుతుందో ఈ రంగూన్‌లో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. మా అయ్య పేరు అప్పన్న. సింహాచలం స్వామి పేరు లేని ఇల్లు మా వైపు ఉండదు, కాబట్టి ఇక్కడ ఆయన పనిచేసిన కూలీల జట్టులో అప్పన్నలు ముగ్గురు, ముగ్గురూ మా ఊరివాళ్ళే. ఒక వానాకాలం అహ్లోన్ రేవులో బస్తాల పడవ బోల్తాపడి ఇద్దరు అప్పన్నలు పోయారు. సరిగ్గా ఆ రోజుల్లోనే జట్టును ఒక మేస్త్రీ నుంచి ఇంకో మేస్త్రీకి మార్చారు. పోయినవాళ్ళ పేర్లు కొత్త పట్టీలోకి ఎక్కిస్తున్న గుమాస్తాకు ‘అప్పన్న’ రెండుసార్లు కనబడింది. పొరపాటనుకుని ఒకటి తీసేశాడు. ఊరికి ఒక్క ఉత్తరమే వెళ్ళింది, అది పోయిన ఇంకో అప్పన్న ఇంటికి చేరింది. మా అమ్మ వెళ్ళి ఆవిడను పట్టుకుని ఏడ్చి, ఇంటికొచ్చి, మా అయ్య చల్లగా ఉన్నందుకు దేవుడికి దీపం పెట్టింది. మూడేళ్ళు గాజులతో, బొట్టుతో ఎదురుచూసింది. చివరికి నన్ను వెంటబెట్టుకుని ఓడెక్కి వస్తే, బతికి మిగిలిన అప్పన్న రేవులో మమ్మల్ని చూసి కూలబడిపోయాడు. ఉత్తరం మాకూ వచ్చిందనే అనుకున్నాడట.

ఇదంతా దొరకు చెప్పాను. ఆయన కర్ర పిడి తిప్పుతూ విన్నాడు.

“ఆ గుమస్తాని తిట్టినావా?”

“పుట్టి బుద్ధెరిగాక తిట్టని రోజు లేదు దొరా.”

“ఇంక ఒగ్గీ. ఆడూ నీలాటోడే. మంచి పని సేస్తన్నాననుకున్నాడు.” తరువాత కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. “ముందు నావోల్ని పిలు.”

“బెకర్ కార్ల్.”

“ఉన్నాడు.”

“బెకర్ కార్ల్.”

“ఉన్నాడు. ఇప్పుడు నీవోల్ని పిలు.”

“అప్పన్న” అన్నాను.

“ఉన్నాడు.”

“అప్పన్న.”

“ఉన్నాడు,” అన్నాడు దొర, అంతే గట్టిగా. అచ్చుకూటంలో అందరూ పని ఆపి మావైపు చూశారు. నేను టైపు కేసు మీద తలపెట్టి ఏడ్చాను, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

పుస్తకం పూర్తయి, ఆయన ఓడెక్కే ముందురోజున, ఆ పుస్తకానికి వాడగా మిగిలిన కాగితంలో ఒక ముక్క మీద నేను తెలుగు టైపుతో రెండు పేర్లు కూర్చి వేసుకున్నాను. ‘అప్పన్న’, దాని కింద ‘అప్పన్న’. ఇంటికి తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టాను. ఆమెకు చదువు రాదు. సంగతి విని, వేలితో ఆ అక్షరాలను నిమిరింది.

“ఇందులో మీ అయ్య ఏదిరా?”

నిజానికి నాకూ తెలియదు. “రెండూ ఒకలాగే ఉన్నాయి కదమ్మా,” అన్నాను.

“అలగైతే రెండిటికీ ఎడతాను,” అని లేచి, పసుపులో వేలు ముంచి, పైపేరు పక్కన ఒకటి, కిందిపేరు పక్కన ఒకటి బొట్లు పెట్టింది. ఆ కాగితం ఇప్పటికీ మా దేవుడి గూట్లో ఉంది.

ఇవాళ పెన్సిలు కింద పడేసి, కిరసనాయిలు చేతులతోనే ట్రామెక్కి తామ్వే వెళ్ళాను. భజన సమాజం అరుగు మీద ఇద్దరు పెద్దమనుషులు తమలపాకులు వేసుకుంటూ కూర్చున్నారు. “సింహాద్రిగారంటే ఎవరండీ?” అని అడిగాను. ఇద్దరూ ఒక్కసారే పలికారు.

“ఉన్నాం బాబూ. ఏటి పని?”