పచ్చిక మీద ఎండిన అడుగులు

నవంబరు వచ్చిందంటే ఆర్విడ్ మాటలు తగ్గి చూపులు పెరిగేవి. అమెరికాలోని మిన్నెసోటాలో స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా అద్దంలో వెనక సీట్ల అల్లరిని కనిపెట్టడంతోనే గడిచింది. అద్దం పోయింది, కనిపెట్టే అలవాటు మిగిలింది. ఇప్పుడది ఇంటిముందు పచ్చిక మీద పడింది.

ఆఖరి మేపుల్ ఆకు రాలేదాకా దంతెతో లాగి పోగేసేవాడు. తడి ఆకు మంచు కింద ఉండిపోతే గడ్డికి బూజు పడుతుంది. చివరి కోత కాస్త పొట్టిగా కోసి, యంత్రాన్ని తుడిచి షెడ్డులో పెట్టేవాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఒకటే శాసనం: తెల్లగా నూగుమంచు పట్టిన గడ్డిని ఎవరూ తొక్కకూడదు. గడ్డకట్టిన పరక గాజులాంటిది. తొక్కితే లోలోపల విరుగుతుంది. విరిగినట్టు ఆ రోజు తెలియదు. కొన్నాళ్ళకు, మరిచిపోయిన మాట పైకి తేలినట్టు, ఎండు రంగులో అడుగు ఆకారం తేలుతుంది.

ఆ ఏడాది అలాంటి అడుగులు తేలాయి. పక్కింటి డెల్మర్ వాకిలి నుంచి వరసగా ఆర్విడ్ మెట్ల దాకా.

"ఇర్మా, ఇలా రా. ఇవెవరివో చెప్పు."

భార్య కాఫీ కప్పుతో గుమ్మంలోనే ఆగింది. "పోస్టతను అడ్డంపడి వచ్చాడేమో."

"పోస్టతను అటునుంచి రాడు. అటున్నది డెల్మర్."

"నీ మోకాలి ఆపరేషనప్పుడు మన తిండికని హాట్‌డిష్ వండి గిన్నెలు మోసుకొచ్చిన డెల్మరేనా?"

"అందుకే అంటున్నా. ఊరికే అంత మంచిగా ఎవడుంటాడు?"

"నేనున్నాగా, నీతో ఇన్నాళ్ళూ," అని ఇర్మా లోపలికి పోయింది.

ఆర్విడ్ కంచె దగ్గరికి వెళ్దామనుకున్నాడు. తీరా చూస్తే ఆ రెండిళ్ళ మధ్య కంచె ఎప్పుడూ లేదు. డెల్మర్ బయటికొస్తే, "ఈమధ్య పొద్దున్నే నడుస్తున్నట్టున్నావ్?" అని వదిలాడు. డెల్మర్ ఒకసారి తన బూట్ల వైపు చూసుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు తోచింది ఆర్విడ్‌కి.

ఆనాటి నుంచి, రోజూ డెల్మర్ ఇంటికి వెళ్ళి తాగే పొద్దుటి కాఫీ మానేశాడు. చీకటి విడుస్తూనే లేచి కాపలా కాసేవాడు. గడ్డి తెల్లగా ఉంటే మెట్టు దిగేవాడు కాదు. తెలుపు లేని పొద్దుల్లో మాత్రం దిగి, ఒక్కో అడుగు పక్కన వంగి, మడమ ఎటుందో, వేళ్ళెటున్నాయో చూసేవాడు. మనిషి మాత్రం చిక్కలేదు. అడుగులు పెరిగాయి. కొన్ని అడుగుల చుట్టూ కొత్త అడుగులు, ఎవరో తన నిఘాను వెక్కిరించినట్టు.

చివరికి కంచె గుంజలు తెచ్చి వాకిట్లో పడేశాడు. నేల రాయిలా బిగుసుకోకముందే పాతాలి.

"ఏంట్రా ఇవి?" అన్నాడు డెల్మర్.

"కంచెకి."

"కుక్కని తెచ్చుకుంటున్నావా?"

"నీ బూట్లనడుగు, ఎందుకో."

డెల్మర్ నవ్వబోయి ఆగాడు. ముఖంలో ఏదో దీపం తగ్గింది. "ఇన్నేళ్ళకి ఇదా నా మీద," అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున పొడి చలి. ఎక్కడా తెలుపు లేదు. ఆర్విడ్ పార పట్టుకుని పచ్చికలోకి దిగాడు. కాలికింద కరకరమంది. ఆగాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ కరకర. వంగి పరకను వేళ్ళతో వంచితే పుటుక్కున విరిగింది. తేమ లేని చలిలో గడ్డి తెల్లబడకుండానే గడ్డకడుతుందన్నమాట.

ఎదురుగా ఉన్న ఎండు అడుగులో తన బూటు మెల్లగా ఆనించాడు. అచ్చుపోసినట్టు సరిపోయింది. డెల్మర్ వాకిలి నుంచి ఆ మొదటి వరస, కాఫీ తాగి దగ్గరిదారిన తిరిగొచ్చిన తనదే. మిగిలినవన్నీ దొంగను వెతికిన తనవే.

ఆ సంగతి డెల్మర్‌తో చెప్పడం రెండు రోజులు వాయిదా వేశాడు. ఈలోగా మొదటి మంచు మోకాలెత్తు కురిసింది. ఏటా డెల్మర్ తన మంచు ఊదే యంత్రంతో రెండిళ్ళ నడకదారీ ఒక్క ఊపున తీసేవాడు. ఈసారి యంత్రం చప్పుడు దగ్గరికొచ్చి, హద్దు దగ్గర ఆగిపోయింది. కత్తితో కోసినట్టు, అటు నల్లని దారి, ఇటు తెల్లని గోడ. వీధంతా చదవగలిగేంత స్పష్టంగా.

ఇర్మా కిటికీలోంచి చూసింది. "కంచె పడింది చూసుకో," అంది.

ఆర్విడ్ పార తీసుకుని తన దారి తవ్వాడు. హద్దు దాటాడు. ఊపిరి పొగలు కక్కుతుండగా డెల్మర్ మెట్ల మీది మంచు ఎత్తడం మొదలుపెట్టాడు. తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"ఇప్పుడు నా మెట్ల మీద ఏం వెతుకుతున్నావ్?"

"ఏం లేదు. మంచు తీస్తున్నా."

"ఎందుకు? ఏం కావాలి నీకు?"

"ఆ అడుగులు నావేరా, డెల్మర్."

డెల్మర్ అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు, నోటు నకిలీదేమోనని చూసినట్టు. తలుపు ఇంకొంచెం తెరిచాడు.

"ముందు బూట్లు విప్పు."

ఆర్విడ్ విప్పాడు. డెల్మర్ ఒక బూటు అందుకుని, వెలుతురు వైపు తిప్పి, దాని అడుగుభాగమంతా పరీక్షగా చూస్తూ నిలబడ్డాడు. లోపల కాఫీ మరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. రమ్మని మాత్రం ఇంకా అనలేదు.