కోయని ఫ్రేమ్

ఆ చలికాలమంతా మా కారు బయటే ఉంది. గరాజ్‌లో దాని చోటు ఒక ఇనప చట్రం ఆక్రమించింది. ఇంజన్ లేదు, చక్రాలు లేవు, సీటు కూడా లేదు. అయినా స్టాండ్ మీద పెళ్లికొడుకులా కూర్చుని ఉండేది. పొద్దున్నే ఆఫీస్‌కి బయల్దేరుతూ కారు అద్దం మీద గడ్డకట్టిన మంచు గీకుతున్నంతసేపూ దాన్ని తిట్టుకునేదాన్ని. మా ఆయన్ని తిట్టడం అప్పటికే మానేశాను. ఏమన్నా తలవంచుకుని వినే మనిషిని ఎంతకని తిడతాం? నోటికి వచ్చినట్టు ఎదురు మాట్లాడే మనిషిని నేను చేసుకున్నాను. ఆ మనిషి ఎటు పోయాడో తెలియడం లేదు.

మేమిద్దరం ఒకే ఇంజనీరింగ్ కాలేజీ. అతనిది మెకానికల్, నాది కంప్యూటర్స్. అతనిది వరంగల్, మాది గుంటూరు. కాలేజీలో అతనికో పాత టూ-స్ట్రోక్ బండి ఉండేది. పొగ ముందొచ్చేది, మనిషి తర్వాత వచ్చేవాడు. చదువయ్యాక ఒక టూ-వీలర్ కంపెనీలో ఇంజన్లు పరీక్షించే ఉద్యోగం చేశాడు, ఇష్టంగా చేశాడు. నాకు అమెరికాలో ఉద్యోగం వస్తే నా వెంట డిపెండెంట్ వీసా మీద వచ్చాడు. తర్వాత పనిచేయడానికి అనుమతిచ్చే వర్క్ కార్డు వచ్చింది, పంపులు తయారుచేసే చోట డిజైన్‌లో చేరాడు. ఆ కార్డు గడువు తీరింది. కొత్తది రాలేదు. ఇదిగో అదిగో అంటూ నెలలు గడిచాయి, ఉద్యోగం పోయింది. పని చేతనవును, పనిచేయనివ్వరు. ఎవరి బండైనా బాగుచేసి డబ్బు పుచ్చుకున్నా తప్పే.

మనిషి మెల్లమెల్లగా తగ్గిపోయాడు. ముందు గడ్డం గీసుకోవడం మానేశాడు. తర్వాత వారాంతపు భోజనాలకు రావడం మానేశాడు, అక్కడ మగవాళ్లు ప్లేటు పట్టుకోగానే ఉద్యోగాల గురించే మాట్లాడతారు కాబట్టి. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అంట్లు తళతళలాడేవి, బట్టలు మడతపెట్టి ఉండేవి, అతను మాత్రం సోఫాలో ఆపేసిన టీవీ ముందు కూర్చుని ఉండేవాడు. ఇల్లు అంత శుభ్రంగా ఉంటే నాకు భయమేసేది.

అలాంటి రోజుల్లో పక్కింటి పెద్దాయన పుణ్యమా అని ఈ స్నోబైక్ పిచ్చి పట్టింది. మట్టిదారుల్లో నడిపే డర్ట్ బైక్ ముందు చక్రం తీసేసి స్కీ బిగిస్తారు. వెనక చక్రం బదులు పొడుగాటి రబ్బరు ట్రాక్ బిగిస్తారు. అది నడుంలోతు మంచులో కూడా దూసుకుపోతుంది. షికాగో పక్కన మేముండే అరోరాలో పడే మంచు దానికి ఏ మూలకీ చాలదు, మిషిగన్ ఉత్తరపు కొసకు ట్రైలర్ మీద వేసుకుపోవాలి. పెద్దాయన రిటైరైన మనిషి, ఏటా అక్కడికి వెళ్తాడు. ఆయన షెడ్‌లో మంచు మీద నడిపే బండి, ముందుభాగం నుజ్జయిన స్నోమొబైల్ ఒకటి ఉంది, దాని ఇంజన్ బాగానే ఉంది. రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్. ఊరికే ఇస్తాను తీసుకెళ్లమన్నాడు. ఆ సాయంత్రం మా ఆయన ఇంట్లోకి వస్తూనే నాతో వరసగా పది మాటలు మాట్లాడాడు. నాకు ఇంజన్ అంటే ఏమిటో తెలియదు గానీ, ఆ పది మాటల కోసం విమానం ఇంజన్ అయినా తెచ్చుకోమనేదాన్ని.

ముందు బైక్ చట్రం, అదే ఫ్రేమ్, దాని వేట. అల్యూమినియం తేలిక, కానీ వెల్డింగ్‌కి అంత తొందరగా లొంగదు, ఎక్కడ అతికితే దాని పక్కనే పగులుతుందన్నాడు. స్టీలైతే మన పొరపాట్లు కాస్త భరిస్తుందట. నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇలాగే పరీక్షించావా అని అడిగాను. నవ్వాడు. విస్కాన్సిన్ దాకా డ్రైవ్ చేసి, ఇంజన్ లేని పాత స్టీల్ ఫ్రేమ్ ఒకటి తెచ్చాడు.

అక్కడినుంచి మీనమేషాలు మొదలయ్యాయి. అతని ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఈ ఫ్రేమ్ తయారుచేసిన కంపెనీదే ఇంజన్, ఒకే సిలిండర్‌ది, వెతికి తెచ్చి బిగించడం. నాలుగు బోల్టులు వేస్తే కూర్చుంటుంది, వద్దనుకుంటే నాలుగు బోల్టులు విప్పితే ఊడుతుంది. రెండోది, పెద్దాయన ఇచ్చిన ఇంజన్ పెట్టడం. దాని బలం ముందు మొదటిది పిల్లకాయ. కానీ అది వెడల్పు మనిషి. అది పట్టాలంటే ఫ్రేమ్ ముందు గొట్టం, అడుగు గొట్టాలు కోసేసి, కొత్తవి వంచి వెల్డింగ్ చేయాలి. ఒకసారి కోస్తే అది ఇక మామూలు బైక్ కాలేదు. స్నోబైక్‌గానే బతకాలి, ఎవరికీ అమ్మలేం.

ఆ చివరి మాట అర్థం కావాలంటే మా బతుకు తెలియాలి. వీసాల మీద ఉన్న మావాళ్లు ఈ దేశంలో ఏది కొన్నా, ముందు దాన్ని అమ్మే రోజు గురించి ఆలోచించి కొంటారు. జపాన్ కారే కొంటారు, అదీ తెల్లదో బూడిదరంగుదో కొంటారు. మంచం కొంటే విడదీయడానికి వీలైనదే కొంటారు. గోడకు మేకు కొట్టరు. వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో ఒకరు ఇల్లు ఖాళీచేస్తూ పెట్టే మూవింగ్ సేల్ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, రైస్ కుక్కర్ నుంచి తులసి కుండీ దాకా ఫొటోలతో సహా. పిల్లల్ని కూడా గ్రీన్ కార్డులు వచ్చాక అనుకున్నాం మేము. ఈ ఆలోచన మా ఇద్దరి ఒంట్లో ఎంత ఇంకిపోయిందంటే, మంచులో ఆడుకునే బండికి ఫ్రేమ్ ఎంచుకుంటూ కూడా అతను "రేపు అమ్మాల్నంటే ఎవరు కొంటరు?" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే ఇండియాలో పాత కంపెనీవాళ్లు ఫోన్ చేశారు. కొత్త ప్లాంట్ పెడుతున్నారు, టెస్టింగ్ విభాగం చూసుకోవడానికి రమ్మన్నారు. భోజనం దగ్గర చెప్పాడు.

"పిలుస్తున్రు. ఏమంటవ్?"

నీ ఇష్టం అన్నాను. ఆ మాట మా ఇళ్లల్లో ఎవరు ఏ గొంతుతో అంటారో అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. నువ్వూ వెళ్లిపోవచ్చుగా అని తర్వాత చాలామంది అడిగారు. నేను ఇక్కడ ఒక టీం నడుపుతున్నాను. ఒక్కో మెట్టూ నేనే ఎక్కాను. అతను నా వెంట వచ్చి ఇక్కడ ఏమైపోయాడో కళ్లారా చూశాను, ఇప్పుడు నేను అతని వెంట వెళ్లి అక్కడ అలా అయిపోవాలా? ఇది స్వార్థమనుకుంటే అనుకోండి. అతను కూడా రమ్మని అడగలేదు. అడగకపోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అప్పటినుంచి ఆ ఫ్రేమే నాకు జాతకం అయిపోయింది. కోస్తే ఉంటాడు. కోయకపోతే వెళ్లిపోతాడు. ఎవరూ చెప్పలేదు, నాకే అలా తోచింది, తోచాక ఇక వదల్లేదు. రోజూ ఆఫీసు నుంచి రాగానే బూట్లు విప్పకుండా గరాజ్‌లోకి తొంగిచూసేదాన్ని. కిరాణా కొట్లోంచి తెచ్చిన మామిడిపళ్ల అట్టపెట్టెలు కోసి, ఆ పెద్ద ఇంజన్ కొలతలతో అట్ట ఇంజన్ ఒకటి తయారుచేశాడు. దాన్ని ఫ్రేమ్‌లో పెట్టి, ఎక్కడెక్కడ అడ్డం వస్తుందో చూసి, కోయాల్సిన చోట వెండి రంగు మార్కర్‌తో గీతలు గీశాడు. గీతలు గీసిన రోజు నేను సేమ్యా పాయసం చేశాను. ఎందుకు చేశానో అతను అడగలేదు.

వారం గడిచింది. గీతలు గీతల్లాగే ఉన్నాయి. అట్ట ఇంజన్ తీసేసి చిన్న ఇంజన్ల ప్రకటనలు చూడటం మొదలుపెట్టాడు. చలిగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి పెట్రోల్ ఎక్కువ పడాలని, లేకపోతే పిస్టన్ పట్టేస్తుందని, చిన్నదాంట్లో ఆ సర్దుబాటు సులువని ఏవేవో చెప్పాడు. మళ్లీ రెండు రోజులకు పెద్దదే మేలన్నాడు. పక్కింటి పెద్దాయనకు ఈ తటపటాయింపు అంతుబట్టలేదు. పాత ఇనుమేగా, కోసిపారెయ్, నచ్చకపోతే ఇంకోటి తెచ్చుకుందువు అని ఆయన సలహా. ఈ దేశంలో పుట్టినవాళ్లకు అంత సులువు. మా ఆయన తలూపాడు, కోయలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం గరాజ్‌లోకి వెళ్తే, సీటు లేని ఆ చట్రం మీద దుప్పటి మడతపెట్టుకుని కూర్చుని ఉన్నాడు. హ్యాండిల్ పట్టుకుని మెడ కాస్త ముందుకు వంచి, నోటితో సన్నగా ఇంజన్ చప్పుడు చేస్తున్నాడు. నన్ను చూసి సిగ్గుపడ్డాడు. నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఈ మనిషిని నేను ఎంత ప్రేమించానో, ఇంకా ఎంత ప్రేమిస్తున్నానో ఆ క్షణంలో తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు. అప్పుడైనా ఆ మాట చెప్పి ఉండొచ్చు. నేను ఫ్రేమ్ గురించే మాట్లాడాను.

"కోసెయ్," అన్నాను. "ఎవరికి అమ్ముతావ్? ఎందుకు అమ్ముతావ్? మనకోసం కోసెయ్."

అతను ఆ వెండి గీతల్ని బొటనవేలితో రుద్దాడు.

"ఇంజన్ ఎన్నిసార్లన్న మార్చొచ్చు. ఫ్రేమ్ ఒక్కసారి కోస్తే మళ్ల రాదు," అన్నాడు.

ఆ తర్వాత మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. అసలు ఏ విషయమూ పెద్దగా మాట్లాడుకోలేదు. వర్క్ కార్డు రాలేదు. మంచు మాత్రం పడాల్సినంతా పడింది, పెద్దాయన ట్రైలర్ కట్టుకుని మిషిగన్ వెళ్లి వచ్చాడు, ఎండలు మొదలయ్యాయి. పొద్దున లేస్తే చూరు నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు. రోడ్ల పక్కన మంచు నల్లబడి గుల్లబారింది. వచ్చే చలికాలానికి కడతాడులే అనుకున్నాను. మనిషికి ఆశ ఎంత సిగ్గులేనిదో.

ఒక శనివారం ఉదయం వంటింట్లో ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. గరాజ్‌లోంచి గ్రైండర్ చప్పుడు వచ్చింది. ఇనుము కోస్తుంటే వచ్చే ఆ కీచుచప్పుడు ఇంకో రోజు విని ఉంటే చెవులు మూసుకునేదాన్నేమో. ఆ రోజు మాత్రం కత్తి పక్కన పెట్టి అలాగే నిలబడి విన్నాను. ఆగింది, మళ్లీ మొదలైంది. మొదటి గొట్టం అయిపోయింది, రెండోది మొదలుపెట్టాడు అనుకున్నాను. కోశాడు. ఉంటాడు. వచ్చే శీతాకాలం ఉత్తరానికి వెళ్తాం, నేను వెనక నిలబడి వీడియో తీస్తాను, చలికి తిట్టుకుంటూ తీస్తాను. పొయ్యి మీద నూనె కాగిపోయిన వాసన వస్తే గానీ కదల్లేదు. స్టవ్ ఆపేసి, అతనికి టీ కూడా పెట్టి, కప్పు పట్టుకుని వెళ్లాను.

తలుపు తీయగానే కాలిన ఇనుము వాసన. అతను కళ్లద్దాలు, గ్లోవ్స్ వేసుకుని నేల మీద మోకాళ్ల మీద ఉన్నాడు. ఫ్రేమ్ స్టాండ్ మీద లేదు. హ్యాండిల్ ఉండే మెడ ఒక పక్క పడి ఉంది. వెనక భాగం ఇంకో పక్క ఉంది. గీతల దగ్గర కోయలేదు. గీతలున్న గొట్టం అలాగే ఉంది, దానికి అటూ ఇటూ కోసేశాడు. గోడవారగా పెద్దాయన ఇంజన్ పెట్టిన చోట నూనె మరక మాత్రం ఉంది. అప్పటికే తిరిగిచ్చేసినట్టున్నాడు.

నా మొహం చూసి గ్రైండర్ ఆపాడు.

"గ్రూప్‌ల పెట్టిన. ఎవ్వరు అడగలే. స్క్రాప్ యార్డుకు తీస్కపోవాలె, ముక్కలు చేస్తెనే కారుల పడ్తది," అన్నాడు. కళ్లద్దాలు పైకి జరిపి, "నిన్న ఇండియా కంపెనీవాళ్లకు ఎస్ చెప్పిన," అన్నాడు.

టీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఏడవాలనిపించింది. ఆ గ్రైండర్ లాక్కుని వీధిలోకి విసిరేయాలనిపించింది. ఉండమని కాళ్ల మీద పడాలనిపించింది, నేనూ వస్తానని చెప్పాలనిపించింది. రెండూ అబద్ధాలే అవుతాయని భయమేసింది.

అతను మిగిలిన పెద్ద ముక్కను నేల మీద సరిచేసుకుని మళ్లీ గ్రైండర్ ఆన్ చేశాడు. ఒక చేత్తో పట్టుకుంటే ముక్క జారిపోతోంది. ఒకసారి జారింది, రెండోసారి జారింది. ఆపి, తలెత్తకుండా అన్నాడు.

"ఆ కొస జర పట్టుకో."

కప్పు నేల మీద పెట్టి, అతని పక్కన కూర్చుని, ఆ కొస పట్టుకున్నాను. కదలకుండా గట్టిగా పట్టుకున్నాను. అతను కోశాడు.