దూదికి అంటిన సంతకం

ఆ రోజుల్లో నేను దేన్నీ ఊరికే నమ్మేవాణ్ని కాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ముగించి, పలాసలోని ఒక జీడిపప్పు కార్ఖానాలో పప్పు తేమ, రంగు పరీక్షించే ఉద్యోగంలో కొత్తగా చేరాను. కూరలో ఉప్పు సరిపోయిందని అమ్మ చెప్పినా రుచి చూసిగాని ఒప్పుకునేవాణ్ని కాను (ఎప్పుడూ సరిపోయే ఉండేది). అందుచేత ఈ ఉదంతంలోనూ నిశ్చయమైనదాన్నీ, విన్నదాన్నీ ముందే విడదీసి చెబుతాను. ఉద్దానంలో ఒక ఊరి చర్చిలో పిల్లలకు గిటార్ నేర్పే పెద్దాయన ఉండేవారన్నది నిశ్చయం. అందరూ ఆయనను ఓడ మాస్టారు అనేవారు. పడుచుతనంలో విదేశీ ప్రయాణికుల ఓడల్లో బ్యాండు వాయించారన్నది ఆయన చెప్పగా విన్నది. ఆయన దగ్గర ఒక సిగ్నేచర్ మోడల్ ఎలక్ట్రిక్ గిటార్ ఉండటం నిశ్చయం. అంటే, పేరున్న వాద్యకారుడి అభిరుచి ప్రకారం తయారై, అతని సంతకం అచ్చువేసుకుని అమ్ముడయ్యే రకం. ఆ అచ్చు గిటార్ తల (తీగలు బిగించే చివర) వెనుక ఉంది. ముందువైపు వెండిరంగు పెన్నుతో రాసిన మరో సంతకాన్ని ఆ వాద్యకారుడే సింగపూరు దుకాణంలో, మాస్టారి కళ్లముందే పెట్టాడన్నది మాత్రం వినికిడి. ఊళ్లో సగంమంది నమ్మలేదు. ఆ ఓడల కాలానికి మాస్టారి దగ్గర మిగిలిన సాక్ష్యం అదొక్కటే.

డయాలసిస్ కోసం ఎడమచేతికి శస్త్రచికిత్స జరిగాక ఆయన తీగలు నొక్కడం మానుకోవలసి వచ్చింది. గిటార్ అమ్ముతానని ఎవరిచేతో ఫోన్‌లో ప్రకటన పెట్టించారు. టెక్కలిలో పెళ్లిళ్ల బ్యాండులో వాయించే మా బావ (అక్క భర్త) అది చూసి, "నువ్వు సదువుకున్నోడివి, ఓసారి వచ్చి సూడు బావా," అన్నాడు. ప్రకటనలోని ఒకే ఒక్క ఫొటోలో సరిగ్గా సంతకం చోట ఫ్లాష్ వెలుగు పడి అంతా తెల్లగా అయిపోయింది. దాన్ని నేను అనుమానానికి తొలి ఆధారంగా ఖాయం చేసుకున్నాను.

మాస్టారి వసారాలో గిటార్ పెట్టె తెరవగానే మల్టీమీటర్ తీశాను. (దాన్ని చూసి మాస్టారి భార్య "కరెంటోళ్లేటి?" అంటూ లోపలికెళ్లి బిల్లు తెచ్చారు.) తీగల కదలికను విద్యుత్తుగా మార్చే పికప్‌ల నిరోధం కొలిస్తే సరిగానే ఉంది. నాకు కాస్త నిరాశ కలిగింది. బావ తాను తెచ్చిన చిన్న యాంప్‌కు, అంటే శబ్దం పెంచే స్పీకరు పెట్టెకు, తగిలించి వాయించాడు. నాదం జలుబు చేసిన గొంతులా మొద్దుగా వచ్చింది.

"పికప్‌లు మార్చేశారు. ఈ మోడల్ టోన్ ఇది కాదు," అని తీర్పు చెప్పాను. ఆ మోడల్‌ను నేను విన్నది ఫోన్ స్పీకర్‌లో మాత్రమే.

"తీగలు తుప్పట్టీసేయి బాబూ. సముద్రం గాలి గదా. కొత్తవి ఏసి సూడండి," అన్నారు మాస్టారు.

బావ తన సంచిలోంచి కొత్త తీగలు తీసి బిగించాడు. ఈసారి ప్రతి స్వరమూ విడివిడిగా, చివరిదాకా నిలిచి వినబడింది. మాస్టారి కుడిచేయి తనంతట తానే మోకాలి మీద తాళం వేస్తోంది.

"ఇప్పుడేటంటావు బావా? పికప్‌లు మళ్లీ మారిపోనాయా?" అన్నాడు బావ.

నా చెవులు వేడెక్కాయి. ఓడిపోయిన పరీక్షకు మరో పరీక్షతో బదులు తీర్చుకోవాలనిపించింది. సంచిలో కార్ఖానా స్పిరిట్ సీసా, దూది ఉన్నాయి. అసలైన గిటార్ మీద సంతకం వార్నిష్ కింద ఉంటుందనీ, స్పిరిట్‌కు పోదనీ, పోతే నకిలీ అనీ ఇంటర్నెట్‌లో చదివాను.

"చిన్న పరీక్ష మాస్టారూ," అన్నాను.

"సెయ్యి బాబూ. సదువుకున్నోడివి, నీకు తెలుస్తాది."

రెండు రుద్దులకే ముందువైపు సంతకం దూదిలోకి వచ్చేసింది. "చూశారా, నకిలీ," అన్నాను. ఆ గొంతులోని గర్వం తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుతో ఒళ్లు ముడుచుకుంటుంది.

మాస్టారు దూది వైపు చూశారు. "పెన్నుతో రాసేడనే గదా సెప్పేను బాబూ. పెన్నుతో రాసింది తుడిత్తే పోదేటి?"

ఇంటర్మీడియట్ విద్యార్థికి తట్టే సంగతి. దొంగ సంతకమైనా పోతుంది, దొర సంతకమైనా పోతుంది. నేను చదివిన సూత్రం కంపెనీ అచ్చుకు సంబంధించినది. వెనకున్న అచ్చును రుద్దితే చెక్కుచెదరలేదు. గిటార్ అసలుదేనని ఆ విధంగా రుజువైంది. దాన్ని ఎవరూ శంకించలేదు, నేను తప్ప.

"ఇన్నేళ్లూ పొడిగుడ్డతోనే తుడిసేను," అన్నారాయన, ఎవరితోనూ కాదన్నట్టు.

బావ బేరమాడకుండా గిటార్ తీసుకున్నాడు. మేము బయలుదేరుతుండగా మాస్టారు జేబులోంచి పెన్ను తీసి నాకు అందించారు. "ఖాళీగా బాగోలేదు. నువ్వే సంతకం ఎట్టీ బాబూ. ఇకనుంచి ఇది నీ మోడలే." అని నవ్వారు. నేను పెన్ను అందుకోలేదు.

మాస్టారు ఇప్పుడు లేరు. బావ ఆ గిటార్‌ను నేటికీ వాయిస్తున్నాడు. దాని తల మీద ఆ చోటు మిగతా చెక్కకంటే శుభ్రంగా మెరుస్తుంటుంది. సింగపూరులో ఆ వాద్యకారుడు నిజంగా సంతకం పెట్టాడా? తేలలేదు. వెనకున్న అచ్చుతో పోల్చిచూస్తే పది నిమిషాల్లో ఎంతోకొంత తేలేది, కానీ పోల్చడానికి రెండోది లేదు. వెండి మరక పడిన దూది మాత్రం మూత బిగించిన సీసాలో నా దగ్గర భద్రంగా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా, రుజువు కోసం అంత శ్రద్ధగా గిటార్ మీదికి వంగిన ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ ఊరివాళ్లు ఎవరైనా అడిగితే, ఆ వాద్యకారుడు సంతకం పెట్టాడనే చెబుతాను. ఆధారం లేకుండా నేను చెప్పే మాట అదొక్కటే.